చెవికి తలుపు లేదు



మా వీధి చివరి ఇంట్లో ఉండే ఒక చెల్లెమ్మ 2024 వేసవిలో కూతురి పురిటికని అమెరికా వెళ్ళి ఆరు నెలలుండి వచ్చింది. ఆ కూతురూ అల్లుడూ ఉండేది న్యూయార్క్ మహానగరానికి ఎదురుగా, హడ్సన్ నదికి ఇవతలి ఒడ్డున ఉన్న జెర్సీ సిటీలో. మన తెలుగువారు చాలామంది స్థిరపడిన ఊరది. ఈ పత్రిక చదివే కుటుంబాలలోనూ అక్కడ పిల్లలున్నవారు ఉండే ఉంటారు. ఆమె తిరిగివచ్చిన మరునాడు పలకరించడానికి వెళ్ళాను. మనవడి ఫొటోలన్నీ చూపించి, కాఫీ ఇచ్చి, ఆఖరున ఒక సంగతి చెప్పింది. అది నా మనస్సులో నాటుకుపోయింది. ఈ వారం దాన్ని గురించే మీతో మాట్లాడదలిచాను.

పసివాడు రాత్రంతా ఏడ్చి, పగలు పదింటికి కన్ను మూసేవాడట. వాణ్ణి తొట్టిలో పడుకోబెట్టి, ఈమె కిటికీ ప్రక్కన కుర్చీ వేసుకొని జపమాల చేతిలోకి తీసుకునేది. సరిగ్గా అప్పుడే నది మీదుగా దబదబమని చప్పుడు చేస్తూ ఒక హెలికాప్టర్ పోయేది. అది దూరమయ్యేలోగా ఇంకొకటి. "పది పూసలు తిప్పేలోగా ఒకటో రెండో పోయేవి అన్నయ్య గారూ, ఎక్కడున్నానో మరచిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేదాన్ని" అంది. పిల్లవాడు ఉలిక్కిపడి లేచేవాడు. ఎక్కడన్నా ప్రమాదం జరిగిందేమో, పోలీసువారు తిరుగుతున్నారేమోనని మొదట్లో ఆమె భయపడింది. అవి ఊరు చూపించే హెలికాప్టర్లని అల్లుడు చెప్పాడు.

అంతటితో ఆగితే నేను వ్రాయకపోదును. అల్లుడు మంచివాడు. అత్తగారు ఇంట్లోనే ఉండి విసిగిపోతోందని ఒక శనివారం చెప్పాపెట్టకుండా టిక్కెట్లు కొన్నాడు. నదికి అవతల మన్‌హట్టన్ కొసన ఉన్న హెలిపోర్టుకు తీసుకెళ్ళి ఆమెను ఎక్కించాడు. ప్రేమతో చేసిన పని, కాదనలేకపోయింది. ఎక్కగానే నడుముకు పట్టీ కట్టారు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టారు. స్వేచ్ఛా ప్రతిమ చుట్టూ తిరిగి నది వెంట పైకి పోతుండగా, కూతురు ఉండే మేడ కనిపించింది. తాను రోజూ కూర్చునే కిటికీ ఏదా అని వెతికింది.

"పైన ఎంత హాయిగా ఉందనుకున్నారు! చప్పుడే లేదు, చెవులకు పెట్టారుగా. అప్పుడు గుర్తొచ్చింది, క్రింద పిల్లవాడు లేచి ఉంటాడని. ఆ పూట వాణ్ణి లేపింది నేనే. నేను చేసింది తప్పంటారా అన్నయ్య గారూ?"

ఏదో సర్దిచెప్పి ఇంటికి వచ్చేశాను గాని, నాకు జవాబు తెలియలేదు. పాఠకులారా, మీరైతే ఏమనేవారు? ముద్దుగా అడిగిన ప్రశ్నే గాని తేలికైనది కాదు. ఆ రేవు చుట్టూ ఉన్న ప్రజలు ముప్పై ఏళ్ళకు పైగా వాదులాడుకుంటున్న ప్రశ్న ఇదే.

ముందు ఆ చోటును కొంచెం చూద్దాం. హడ్సన్ నదీ, ఈస్ట్ రివరూ కలిసి సముద్రంలోకి పోయేచోట న్యూయార్క్ రేవు ఉంది. మధ్యలో స్వేచ్ఛా ప్రతిమ ఉన్న ద్వీపం, దాని ప్రక్క ఎల్లిస్ ద్వీపం, ఇంకాస్త ఇవతల గవర్నర్స్ ద్వీపం. ఈ మూడవది ఒకప్పుడు సైన్యానిదీ, తర్వాత తీరరక్షక దళానిదీ. ఆ 172 ఎకరాలు ఇప్పుడు ప్రజలు పడవెక్కి వెళ్ళి చెట్లక్రింద కూర్చునే ఉద్యానం. ఒడ్డున ఒకవైపు బ్రూక్లిన్, ఒకవైపు మన్‌హట్టన్ కొస, ఇంకొకవైపు జెర్సీ సిటీ, హొబోకెన్. మన్‌హట్టన్ కొసన ఈస్ట్ రివర్ ఒడ్డున 1960లో పెట్టిన హెలిపోర్టు నగరపాలకులదే. విహార హెలికాప్టర్లకు అది ముఖ్య స్థానం. పావుగంట అటూఇటూ తిప్పడానికి మనిషికి రెండు వందల డాలర్ల పైచిలుకు తీసుకుంటారు. నదుల మీద తక్కువ ఎత్తులో ఎగరడానికి అక్కడ ప్రత్యేకమైన ఆకాశమార్గాలున్నాయి. హడ్సన్ మీద ఇలా చుట్టివచ్చేవాటికి వెయ్యి అడుగుల లోపే దారి. అక్కడి మేడలలో కొన్ని అంతకంటే ఎత్తు!

2016 ఆరంభంలో నగరపాలకులకూ హెలికాప్టర్ల వ్యాపారులకూ ఒక ఒడంబడిక కుదిరింది. అంతవరకు ఆ ఒక్క హెలిపోర్టునుంచే ఏడాదికి దాదాపు 60,000 విహారాలు లేచేవి. వాటిని 2017 నాటికి సగానికి, అంటే ముప్పై వేల లోపుకు తగ్గించాలన్నారు. ఆదివారాలు పూర్తిగా మానాలన్నారు. గవర్నర్స్ ద్వీపం మీదుగా పోరాదన్నారు. సంతోషమే. కాని లెక్క వేసి చూడండి. ఆదివారాలు తీసేస్తే మిగిలినవి 313 రోజులు. ముప్పై వేలను పంచితే రోజుకు తొంభై ఐదు. ప్రతిదీ వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి వినబడుతుంది. పది గంటల పగటికి సర్దితే మూడు నిమిషాలకొకటి. అన్నీ ఒకే ఇంటి ముందునుంచి పోవు, అన్ని రోజులూ ఒకలా ఉండవు, పరిమితి అంత ఉంటే అన్నీ ఎగిరినట్టూ కాదు. అయినా సగానికి తగ్గించిన తర్వాతి పరిమితి ఇంత ఉందంటే, తగ్గించకముందు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. మన చెల్లెమ్మ పూసల లెక్క అబద్ధం కాదన్నమాట.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ హెడ్‌ఫోన్ల సంగతి. అవి ఎందుకు పెడతారు? లోపల కూర్చున్నవారి చెవులు చెడిపోకుండా, పైలట్ మాట వారికి వినబడేట్టు. అంటే ఆ చప్పుడు భరించరానిదని దాన్ని నడిపేవారికి తెలుసు. డబ్బు చెల్లించినవారిని దానినుంచి కాపాడే ఏర్పాటు చేశారు. చెల్లించనివారికి, అడగనివారికి, ఆ సుఖంలో పాలు లేనివారికి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. కంటికి రెప్ప ఉంది, నోటికి పెదవులున్నాయి. చెవికి తలుపు లేదు. చూడకూడదనుకుంటే ముఖం త్రిప్పుకోవచ్చు గాని వినకూడదనుకుంటే ఎక్కడికి పోతాం?

"నగరమన్నాక చప్పుడుండదా?" అని వ్యాపారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రైళ్ళూ, లారీలూ, కట్టడాలూ, సైరన్లూ లేని న్యూయార్క్ ఎక్కడుంది? కాని ఒక తేడా గమనించండి. రాత్రి రెండింటికి అంబులెన్స్ అరుచుకుంటూ పోతే మనం నిద్రలేస్తాం, విసుక్కోం. పాపం ఎవరికో ఏమైందో అనుకొని మళ్ళీ పడుకుంటాం. పెద్దవాళ్ళయితే మంచం మీదనే ఒక చిన్న ప్రార్థన చేస్తారు. అక్కడి ప్రజలు కూడా పోలీసు హెలికాప్టర్లను గూర్చి, రోగులను తీసుకుపోయేవాటిని గూర్చి పోట్లాడడం లేదు. చెవి డెసిబెల్లులను మాత్రమే వినదు, కారణాన్ని కూడా వింటుంది. ఒకరి ప్రాణం కోసం నా నిద్ర పోతే అది నేను ఇచ్చిన దానం అనుకోగలను. ఒకరి సరదా కోసం పోతే, నన్నడగకుండా నా జేబులోంచి తీసుకున్నట్టుంటుంది. రెండింటినీ యంత్రంతో కొలిస్తే అంకె ఒకటే రావచ్చు. మనిషికి మాత్రం అవి ఒకటి కావు. ఇది సున్నితత్వం కాదు, న్యాయబుద్ధి.

కొలత మాట వచ్చింది గనుక ఇంకొకటి. అమెరికాలో విమానాల చప్పుడును కొలిచే అధికారిక పద్ధతి సగటు పద్ధతి. రోజంతటి శబ్దాన్నీ కూడి, రాత్రి శబ్దానికి పది డెసిబెల్లుల భారం కలిపి, ఇరవైనాలుగు గంటలకు పంచుతారు. అలా తీసిన సగటు 65 డెసిబెల్లులు దాటితే తప్ప, ఇళ్ళున్నచోటికి అది తగనిదని వారి విమానయాన శాఖ లెక్కలోకి రాదు. ఈ సగటులో మూడు నిమిషాలకొకసారి ఉలిక్కిపడే పసివాడు కనబడడు. రెండు దబదబల మధ్యనున్న నిశ్శబ్దమూ ఆ లెక్కలో కలిసిపోతుంది. కాని ఆ నిశ్శబ్దం నిశ్శబ్దమేనా? రెండవది ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉండే మనస్సుకు విశ్రాంతి లేదు. కుళాయి బొట్టుబొట్టుగా కారే ఇంట్లో పడుకున్నవారికెవరికైనా ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పైగా హెలికాప్టర్ రెక్కల చప్పుడు మందరస్థాయి చప్పుడు. సన్నని శబ్దంలా గోడదగ్గర ఆగిపోదు, అద్దాలను కూడా అదిలిస్తుంది.

ఇక ఆకాశం ఎవరిది? భూమి ఎవరిదో పైనున్న ఆకాశమంతా వారిదేనని పాత న్యాయశాస్త్రం చెప్పేది. విమానాలు వచ్చాక అది చెల్లలేదు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక కోళ్ళ రైతు వ్యాజ్యం వచ్చింది. నార్త్ కెరొలినా రాష్ట్రంలో ఆయన పొలం మీదుగా సైనిక విమానాలు ఎనభై మూడు అడుగుల ఎత్తున పోయేవి. బెదిరిన కోళ్ళు గోడలకు కొట్టుకొని నూట యాభై దాకా చచ్చాయి. దంపతులకు నిద్ర లేదు. ఆకాశం ప్రజలందరి రహదారి, అనంతం వరకు నాదే అనే హక్కు ఎవరికీ లేదని కోర్టు చెప్పింది. ఆ వెంటనే, ఇంత క్రిందుగా ఇన్నిసార్లు ఎగిరి ఒకరి నేలను బ్రతకడానికి పనికిరాకుండా చేస్తే అది ఆ నేలను తీసుకున్నట్టేనని, పరిహారం ఇవ్వాల్సిందేనని కూడా చెప్పింది. నాకు ఈ తీర్పులోని సమతూకం నచ్చింది. రహదారి అందరిదీ అన్నంత మాత్రాన నా గుమ్మం ముందు రోజంతా బండి త్రిప్పే హక్కు ఎవరికీ రాదు గదా.

కాని రేవు చుట్టూ ఉన్నవారికి ఆ తీర్పు అంతగా అక్కరకు రాలేదు. అక్కడ ఎగిరే దారులు నిర్ణయించేది కేంద్ర విమానయాన శాఖ. నగరానికి ఉన్న అధికారమంతా హెలిపోర్టు యజమానిగానే. 1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఈ గీతను స్పష్టంగా గీసింది: స్థలం సొంతదారుగా నగరం వేళలు తగ్గించవచ్చు, వారాంతపు విహారాలు మాన్పించవచ్చు, ఏ దారిన ఎగరాలో చెప్పే హక్కు దానికి లేదు. కౌన్సిలు సభ్యుణ్ణి అడిగితే కేంద్రాన్ని అడగమంటాడు, కేంద్రాన్ని అడిగితే నిబంధనల ప్రకారమే ఎగురుతున్నాయంటుంది. ఒక్క ఏడాదిలోనే నగరపు ఫిర్యాదుల ఫోనుకు పదుల వేల ఫిర్యాదులు వెళ్ళాయి. పరిహారం కోరుతూ పౌరులే కోర్టుకెక్కే వీలు కల్పించే బిల్లును రాష్ట్ర శాసనసభ ఆమోదించగా, 2022 డిసెంబరులో గవర్నరు తిరస్కరించారు. చప్పుడు వినబడుతూనే ఉంటుంది, బాధ్యుడు మాత్రం కనబడడు. ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఇది కొత్తగా చెప్పాలా!

ఇంకొక వాదం కూడా న్యాయంగా చెప్పుకోవాలి. "హెలిపోర్టు 1960 నుంచి ఉంది. తెలిసి తెలిసి నది ఒడ్డున మేడ కొనుక్కొని, ఇప్పుడు గోల అంటే ఎలా?" ఇది విన్నప్పుడు నాకు లండన్‌లో 1879లో తీరిన ఒక తగవు గుర్తుకొచ్చింది. ఒక మిఠాయిలవాడు ఇరవై ఏళ్ళకు పైగా తన ఇంట్లో రోళ్ళు పెట్టుకొని దంచుకుంటున్నాడు. ప్రక్క పెరటి వైద్యుడు ఆ గోడకు ఆనుకొని రోగులను చూసే గది కట్టుకున్నాడు. ఆ దంపుడుకు రోగి గుండె చప్పుడు వినబడడం లేదని కోర్టుకెక్కాడు. నేను ముందే ఉన్నాను, నువ్వే వచ్చావన్నాడు మిఠాయిలవాడు. ముందు ఉన్నంత మాత్రాన ప్రక్కవారిని బాధించే హక్కు రాదని కోర్టు వైద్యుడివైపు తీర్పిచ్చింది. నాకైతే మిఠాయిలవాడి మీద కూడా జాలి కలిగింది సుమా! వాడు బ్రతుకుతెరువు కోసం దంచుకున్నాడు. హెలికాప్టర్ల పైలట్లకు, మరమ్మతుల పనివారికి, టిక్కెట్లమ్మే కుర్రవాళ్ళకు కూడా సంసారాలున్నాయి. వారిని దుష్టులుగా చూపించి ఈ ప్రశ్నను తేలిక చేయడం నాకిష్టం లేదు. అయితే మిఠాయిలవాడు దంచడం ఆపుకొని ప్రక్క గదిలోకి రోళ్ళు మార్చుకోగలడు. హెలికాప్టర్ తన చప్పుడును ఎక్కడికి మార్చుకుంటుంది?

ఈ ప్రశ్నకు న్యూయార్క్ చెప్పిన జవాబు చూడండి. 1990ల చివర ఈస్ట్ 34వ వీధి హెలిపోర్టునుంచి విహారాలు మాన్పించారు. ఆ చుట్టుప్రక్కలవారు ఊపిరి పీల్చుకున్నారు. 2010లో, నది ప్రక్క ఉద్యానాన్ని కాపాడాలన్నవారు వేసిన దావా ఫలితంగా, వెస్ట్ 30వ వీధి హెలిపోర్టులో కూడా ఆగాయి. ఆ భారమంతా మన్‌హట్టన్ కొసన మిగిలిన ఒక్క హెలిపోర్టు మీద పడింది, ఎదురుగా ఉన్న బ్రూక్లిన్ ఒడ్డువారు గోలపెట్టారు. దారిని బ్రూక్లిన్ మీదనుంచి తప్పించి హడ్సన్ వైపు త్రిప్పారు, అప్పుడు జెర్సీవారు గోలపెట్టారు. 2016లో నగరం తన హెలిపోర్టులో తగ్గించింది. నదికి ఇవతల న్యూజెర్సీలోని హెలిపోర్టులనుంచి లేచేవాటి మీద ఆ ఒడంబడికకు పట్టు లేదు. ఆదివారపు విశ్రాంతి కూడా అలాగే. అది ఒక్క హెలిపోర్టు ఆదివారమే గాని ఆకాశపు ఆదివారం కాదు. మన చెల్లెమ్మ కిటికీకి ఆదివారాలు కూడా తెరిపి లేకపోవడం అందుకే.

ఇందులో ఎవరిదీ దురుద్దేశం కాదు. ప్రతి వీధివారూ తమ పిల్లల నిద్ర కోసమే పోరాడారు. అయినా ఫలితం చూస్తే, మన వాకిలి ఊడ్చి చెత్తను ప్రక్కవాకిట్లోకి నెట్టినట్టయింది. పోరాడేవారికి నా మనవి ఒక్కటే. మీరు అడిగేది నిశ్శబ్దమా, మీ నిశ్శబ్దమా? మొదటిదైతే ఎదుటి ఒడ్డువారిని కూడా కలుపుకోవాలి. కొంతకాలానికైనా రెండు రాష్ట్రాలవారూ కలిసి ఒక సంఘంగా ఏర్పడి, విహార హెలికాప్టర్లు ఎక్కడా వద్దని అడగడం మొదలుపెట్టారు. అది నాకు మొదటి దావాలన్నింటికంటే న్యాయంగా తోస్తుంది, గెలవడం కష్టమైనా సరే.

"ఇదంతా డబ్బున్నవాళ్ళ గొడవ" అని ఇంకొక మాట. నది కనబడే మేడల్లో ధనికులున్న మాట నిజమే. కాని ఆ రేవు ఒడ్డునే బ్రూక్లిన్‌లోకెల్లా పెద్దదైన ప్రభుత్వ గృహసముదాయం రెడ్ హుక్ కూడా ఉంది. ధనవంతుడు రెండు పొరల అద్దాల కిటికీ బిగించుకుంటాడు, ఏసీ వేసుకుని తలుపులు మూసుకుంటాడు, వేసవికి పల్లె ఇంటికి పోతాడు. లేనివాడికి ఉన్న పల్లె ఇల్లు ఆ ఉద్యానమే, ఆ ఒడ్డున బల్లే. నిశ్శబ్దం డబ్బుకు దొరికే వస్తువైననాడు, ముందుగా పోగొట్టుకునేది పేదవాడే. జెర్సీ సిటీ, హొబోకెన్ రెండూ కలిపితే 2020 జనాభా లెక్కల ప్రకారం మూడున్నర లక్షల మంది. ముప్పై వేల విహారాలలో ఐదేసి మంది ఎక్కితే లక్షన్నర మంది. లక్షన్నర మందికి తలా పావుగంట, జీవితంలో ఒక్కసారి. ఆ మూడున్నర లక్షలలో ఒడ్డునున్నవారికి మాత్రం రోజూ పగలంతా.

చిక్కంతా ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. ఎక్కినవారిలో ఒక్కరూ చెడ్డవారు కారు. పెళ్ళిరోజు జరుపుకునేవారు, ముసలి తల్లికి ఊరు చూపించేవారు, పరీక్ష పాసైన పిల్లలు. ఒక్కొక్కరి సరదా వేరువేరుగా చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. కూడికలో తప్పుంది. కూడికను ఎవరూ చేయలేదు గనుక ఎవరి మనస్సాక్షీ నొచ్చుకోదు. పాపసంకీర్తనకు మనం ఎప్పుడూ ఒంటరిగా వెళతాం, ఒక్కొక్కరి తప్పులు ఒక్కొక్కరు చెప్పుకుంటాం. లక్షన్నర మంది కలిసి చేసినదాన్ని చెప్పుకునే గూడు ఎక్కడుంది?

మన సంగతి కూడా చెప్పకుండా ఈ మాటలు ముగిస్తే కపటమవుతుంది. చెన్నైలోని ఒక సంఘపు ప్రార్థనామందిరం లౌడ్‌స్పీకర్ల విషయమై ప్రక్క కాలనీవారు కోర్టుకెక్కగా, 2000 ఆగస్టులో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని. అది మన క్రైస్తవుల మందిరమే. పండుగకు తొమ్మిది రోజులు గోపురం మీద నాలుగు దిక్కులకూ మైకులు కట్టి, లోపలున్నవారికంటే బయటివారికి ఎక్కువ వినిపించేది మన విచారణలలో లేదా? ప్రక్కింట పరీక్షకు చదివే పిల్ల ఉందా, నిన్ననే ఆపరేషన్ అయి వచ్చిన ముసలాయన ఉన్నాడా అని ఎవరన్నా అడిగారా? మన మైకు భక్తి గదా, వాళ్ళ హెలికాప్టర్ సరదా గదా అంటారేమో. వినలేక వినేవారికి ఆ తేడా చెప్పి చూడండి.

2025 ఏప్రిల్ 10న స్పెయిన్‌నుంచి విహారానికి వచ్చిన ఒక కుటుంబం ఎక్కిన హెలికాప్టర్ అదే హడ్సన్‌లో, జెర్సీ సిటీ ఒడ్డుకు దగ్గరలో కూలింది. తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు, పైలట్ — ఆరుగురూ చనిపోయారు. 2009లో ఆ నది మీదనే విహార హెలికాప్టర్‌ను చిన్న విమానం ఢీకొని తొమ్మిది మంది, 2018లో ఈస్ట్ రివర్‌లో ఐదుగురు పోయారు. అటువంటి దుఃఖాన్ని నా వాదానికి ఆసరాగా వాడుకోవడానికి నాకు మనస్సొప్పదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఆ ఒడ్డున ఉన్నవారు తర్వాతి రోజుల్లో దబదబ విన్నప్పుడల్లా కిటికీ దగ్గరకు వెళ్ళి చూసి ఉంటారు. అదే నెలలో నగర కౌన్సిలు ఒక చట్టం చేసింది. 2029 చివరినుంచి నగరానికి చెందిన రెండు హెలిపోర్టుల్లోనూ, పూర్తిగా విద్యుత్తుతో నడిచేవి కాని విహార హెలికాప్టర్లకు చోటు లేదు. మంచిదే. విద్యుత్తువి చప్పుడు తక్కువ చేస్తాయంటున్నారు. తక్కువ చేస్తాయి గనుక రెండింతలు ఎగరేద్దాం అనకుండా ఉంటే బాగుండును. న్యూజెర్సీ హెలిపోర్టులకు ఈ చట్టం కూడా వర్తించదు.

ప్రమాదం వార్త విని చెల్లెమ్మ మా ఇంటికి వచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు చెప్పాను: "ఎక్కేటప్పుడు నీకు తెలియదు గనుక నీ మీద దోషం లేదమ్మా. పైనుంచి నీ కిటికీని నువ్వే వెతుక్కున్నావు చూడు, ఆ క్షణంనుంచి మాత్రం నీకు తెలుసు. ఇక తెలియదనడానికి లేదు." ఆమె తల ఊపింది.

మొన్న మళ్ళీ కనబడితే చెప్పింది. అల్లుడి తల్లిదండ్రులు వచ్చే వేసవికి అక్కడికి వెళుతున్నారట. వాళ్ళను హెలికాప్టర్ ఎక్కిద్దామని అబ్బాయి ముచ్చటపడుతుంటే, ఈమె ఫోనులో గట్టిగానే చెప్పిందట. మన్‌హట్టన్ కొసనుంచి స్టాటెన్ ఐలాండుకు పెద్ద పడవ పోతుంది, టిక్కెట్టు కూడా లేదు, స్వేచ్ఛా ప్రతిమ ప్రక్కనుంచే వెళుతుంది, అందులో తీసుకెళ్ళమని. అల్లుడు సరేనన్నాడు. వియ్యపురాలికే పడవంటే కళ్ళు తిరుగుతాయట. ఆమెను ఒప్పించే పని ఇంకా మిగిలే ఉంది.